కాంట్రాస్ట్: పక్కన పెడితేనే కనిపించే తేడా

(చెన్నై మైలాపూరులో తెలుగు విద్యార్థులు, అనువాదకులు, ఆఫీసు ఉద్యోగుల కోసం జరిగిన ఇంగ్లీషు తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇవాళ మాట్లాడుకునేది ఒకే ఒక్క మాట గురించి. కాంట్రాస్ట్. ఏ నిఘంటువు తిరగేసినా 'స్పష్టమైన తేడా' అని ఉంటుంది. అది తప్పేమీ కాదు. అయితే ఆ అర్థం ఒక్కటే పట్టుకుని వాక్యం రాయబోతే చాలాసార్లు బోల్తా పడతాం. డిఫరెన్స్ అంటే మామూలు తేడా, కాంట్రాస్ట్ అంటే దాని పెద్దన్న అనుకుని, కాస్త గట్టిగా చెప్పాలనిపించిన చోటల్లా దీన్ని దించేస్తుంటారు.

పదిలోంచి ఏడు తీసేస్తే మూడు. ఆ మూడు డిఫరెన్స్. పదివేలలోంచి ఏడు తీసేసినా వచ్చేది డిఫరెన్సే, ఎంత పెద్దదైనా సరే. అంకె పెరిగినంత మాత్రాన అది కాంట్రాస్ట్ అయిపోదు. కాంట్రాస్ట్ కావాలంటే రెండు వస్తువులు ఉండాలి, రెండిటినీ కొలిచే కొలత ఒకటే అయి ఉండాలి, వాటిని ఎవరో ఒకరు పక్కపక్కన నిలబెట్టాలి. ఈ మూడోది చాలామంది మర్చిపోతారు. తేడా దానంతటది ఉంటుంది, ఎవరు చూసినా చూడకపోయినా. కాంట్రాస్ట్ మాత్రం పక్కన పెట్టి చూసినప్పుడే పుడుతుంది.

అసలు ఈ మాట పుట్టుక కూడా అదే చెబుతుంది. లాటిన్‌లో 'కాంట్రా' అంటే ఎదురుగా, 'స్టారే' అంటే నిలబడడం. ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇవాళ మనం వాడే అర్థం 17వ శతాబ్దం చివర్లో చిత్రకళ వాళ్ల మాటగా మొదలైంది. వెలుగు పక్కన నీడ, ఒక ఆకారం పక్కన ఇంకో ఆకారం పెట్టి రెండిటినీ ఎత్తి చూపడం. బొమ్మలో ముదురు రంగు ఒక్కటే ఉంటే కాంట్రాస్ట్ లేదు. దాని పక్కన లేత రంగు పడ్డాకే రెండూ కనిపిస్తాయి.

ఇప్పుడు మన సామెతల్ని దీంతో పరీక్షిద్దాం. నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా అంటాం కదా. దీన్ని ఇంగ్లీషులో 'షార్ప్ కాంట్రాస్ట్' అని రాస్తారు కొందరు. కుదరదు. నక్క ఒక జంతువు, నాకలోకం స్వర్గం. రెండిటినీ కొలిచే కొలత ఏది? బరువా, రంగా, దూరమా? ఏదీ లేదు. అసలు పోలికే పెట్టకండి మహాప్రభో అని చెప్పడానికే ఆ సామెత. ఇంగ్లీషులో దానికి 'దేర్ ఈజ్ నో కంపారిజన్' అంటే చాలు. హస్తిమశకాంతరం సంగతి వేరు. ఏనుగుకీ దోమకీ పరిమాణం అనే కొలత ఉంది, కాబట్టి 'కాంట్రాస్ట్ ఇన్ సైజ్' అంటే వ్యాకరణం ఒప్పుకుంటుంది. కాకపోతే మనం ఆ మాట వాడేది ఒకటి గొప్పది, రెండోది అల్పమైనది అని తేల్చడానికి. కాంట్రాస్ట్‌లో ఆ తీర్పు లేదు. ఎర్ర అంచు గొప్పదా, పచ్చ చీర గొప్పదా అని ఎవరూ అడగరు.

ఇంకో చిక్కు. 'డిఫరెన్సెస్ బిట్వీన్ ద బ్రదర్స్' అని రాస్తే చదివేవాడు అన్నదమ్ముల మధ్య పొరపొచ్చాలు వచ్చాయనుకుంటాడు. పంపకాల గొడవేమో అనుకుంటాడు. 'ద కాంట్రాస్ట్ బిట్వీన్ ద బ్రదర్స్' అంటే గొడవ లేదు, ఒకడిది ఒక స్వభావం, ఇంకొకడిది వేరే స్వభావం. కుటుంబాల గురించి రాసేటప్పుడు ఈ రెండూ తారుమారైతే ఇబ్బందే.

చీర మాట ఎలాగూ వచ్చింది కాబట్టి టి. నగర్‌కి వెళ్దాం. పట్టుచీరల కొట్లో కూర్చుంటే 'సెల్ఫ్ కావాలా, కాంట్రాస్ట్ కావాలా' అని అడుగుతారు. చీర రంగే అంచులోనూ ఉంటే సెల్ఫ్. మామిడిపండు పసుపు చీరకి ఆకుపచ్చ అంచు ఉంటే కాంట్రాస్ట్. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి పాఠం పుస్తకంలో దొరకదు. ఎందుకంటే ఇక్కడ మన మూడు షరతులూ కంటి ముందే ఉన్నాయి. ఒడలూ అంచూ అనే రెండు వస్తువులు, రంగు అనే ఒకే కొలత, రెండిటినీ పక్కపక్కన నిలబెట్టే ఒక గీత.

ఆ గీత ఎలా వస్తుందో కాస్త దగ్గరగా చూడండి. మగ్గం మీద నిలువు దారం పడుగు, అడ్డ దారం పేక. చీర ఒడలికి పసుపు పేక వేస్తున్నారనుకోండి. అదే పేకని అంచులోకి కూడా పోనిస్తే ఏమవుతుంది? అంచు పడుగు పచ్చ, పేక పసుపు. రెండూ కలిసి, అటు తిప్పితే ఒక రంగు, ఇటు తిప్పితే ఒక రంగు కొడుతుంది. అందంగానే ఉంటుంది, కానీ ఆ అంచు నిఖార్సయిన పచ్చ కాదు. కాంచీపురం నేతగాళ్లు కోర్వై అనే పద్ధతిలో దీన్ని తప్పిస్తారు. నాడె అంటే పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే సాధనం. ఒడలికి ఒక నాడె, రెండు అంచులకీ చెరొక నాడె, మొత్తం మూడు. ఒడలి పేక అంచు దగ్గరికి వచ్చి, అంచు పేకతో మెలిక పడి వెనక్కి తిరుగుతుంది. అంచులో పడుగూ పచ్చే, పేకా పచ్చే. ఒకవైపు నేతగాడు, రెండోవైపు నాడె విసరడానికి ఇంకో మనిషి, సంప్రదాయంగా ఇద్దరి పని. ధర ఎందుకు పెరుగుతుందో అర్థమైందిగా. మన గద్వాల చీరల్లో కుప్పడం అంటారే, అక్కడా ఒడలినీ అంచునీ ఇలా పేక మెలికతోనే కలుపుతారు. కొట్లో పరీక్షించాలంటే చీర తిరగేసి అంచు వెనక్కి చూడండి. ఒడలి రంగు దారం అంచులోకి పాకిందా, గీత దగ్గరే ఆగిందా అన్నది తెలిసిపోతుంది.

మరి 'కాంట్రాస్ట్ బ్లౌజ్' అనడం సరైన ఇంగ్లీషేనా అని ఈ తరగతుల్లో తరచూ అడుగుతుంటారు. విశేషణంగా 'కాంట్రాస్టింగ్' అన్నది అన్ని చోట్లా చెల్లుతుంది. 'ఎ కాంట్రాస్టింగ్ బ్లౌజ్', 'కాంట్రాస్టింగ్ కలర్స్'. బట్టల వ్యాపారంలో మాత్రం 'కాంట్రాస్ట్ స్టిచింగ్', 'కాంట్రాస్ట్ బోర్డర్' అని నామవాచకాన్నే ముందు పెట్టేయడం ఇంగ్లీషు దేశాల్లోనూ ఉంది. కాబట్టి కొట్లో తప్పు కాదు. వ్యాసంలో 'కాంట్రాస్ట్ ఒపీనియన్స్' అని రాస్తే మాత్రం తప్పే, అక్కడ 'కాంట్రాస్టింగ్' ఉండాలి.

రంగుల్లో కాంట్రాస్ట్‌ని లెక్కగట్టే పద్ధతి కూడా ఒకటుంది. చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు ఆఫీసుల్లో వెబ్‌సైట్లు చేసేవాళ్లు ఇక్కడ ఉంటే వాళ్లకి తెలిసిందే. డబ్ల్యూత్రీసీ అనే సంస్థ వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని నియమాలు పెట్టింది. 2008లో వచ్చిన రెండో రూపంలో అక్షరానికీ వెనకున్న రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండాలన్నారు. పెద్ద అక్షరాలకి, అంటే 18 పాయింట్లు, లేదా బోల్డ్‌లో 14 పాయింట్లు ఆ పైన ఉన్నవాటికి, 3కి 1 చాలు. లెక్క ఎలాగంటే, లేత రంగు వెలుగుకి 0.05 కలపాలి, ముదురు రంగు వెలుగుకీ 0.05 కలపాలి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. తెలుపు వెలుగు 1, నలుపు వెలుగు 0. అంటే 1.05ని 0.05తో భాగించాలి, 21 వస్తుంది. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం 21కి 1. అంతకు మించి లేదు.

ఇక్కడ నేను చూపించాలనుకుంది ఆ భాగహారం. డిఫరెన్స్ కావాలంటే తీసివేస్తాం. కాంట్రాస్ట్ కావాలంటే ఒకదాన్ని రెండోదానితో కొలుస్తాం. చీకట్లో చిన్న దీపం ఎంత కనబడుతుందో, అదే దీపం ఎండలో పెడితే కనబడదు. దీపం వెలుగు మారలేదు, దాని పక్కనున్నది మారింది. బూడిద రంగు అక్షరాలు డిజైనర్లకి ఎందుకో మహా ఇష్టం. వెబ్ పేజీ రంగుల కోడ్‌లో ఏడు అంకె ఆరుసార్లు రాసే బూడిద రంగు తెలుపు మీద 4.48 దగ్గర ఆగిపోతుంది, పరీక్ష తప్పుతుంది. ఒక్క మెట్టు ముదురు చేస్తే 4.54, గట్టెక్కుతుంది. ఇంగ్లీషు అక్షరాలకే ఈ పాట్లయితే, మన ఒత్తులూ గుడులూ ఉన్న తెలుగుకి కనీస అంకె దగ్గర ఆగిపోవడం నాకు సమ్మతం కాదు. ఇంకాస్త ముదురుగా పెట్టండి.

సరే, ఇక వ్యాకరణం. ముందు ఉచ్చారణ. నామవాచకం అయితే ఊనిక, అంటే నొక్కి పలకడం, మొదటి అక్షరం మీద: కాన్‌ట్రాస్ట్. క్రియ అయితే ఊనిక వెనక్కి జరుగుతుంది, మొదటి అచ్చు నలిగిపోతుంది: కన్‌ట్రాస్ట్. రికార్డ్, పర్మిట్, ఇంపోర్ట్, కాన్‌ఫ్లిక్ట్ ఇవన్నీ ఇదే తీరు. అలాగని అన్ని మాటలకీ పూయకండి. రిపోర్ట్, సపోర్ట్, రెస్పెక్ట్ ఇవి నామవాచకమైనా క్రియ అయినా ఊనిక రెండో అక్షరం మీదే. తెలుగులో ఊనిక అర్థాన్ని మార్చదు, దీర్ఘం మారుస్తుంది. పలు, పాలు ఎంత వేరో మనకి తెలుసు. అందుకే ఊనిక మన చెవికి ఆనదు. సాధన చేయాలంటే రెండూ ఒకే వాక్యంలో పెట్టుకుని పైకి చదవండి. 'ఇఫ్ యు కన్‌ట్రాస్ట్ ద టూ, ద కాన్‌ట్రాస్ట్ ఈజ్ క్లియర్.' మొదటిదాన్లో 'ట్రా' బిగ్గరగా, రెండోదాన్లో 'కాన్' బిగ్గరగా.

తర్వాత దాని వెనక వచ్చే చిన్న మాటలు. చాలామంది తడబడేది ఇక్కడే. 'కాంట్రాస్ట్ ఫ్రమ్' లేదు. 'డిఫరెంట్ ఫ్రమ్' అలవాటయి ఇది కూడా అలాగే అనుకుంటారు. 'కాంట్రాస్ట్ దాన్' అసలే లేదు. క్రియ అయితే 'విత్' పెట్టండి: 'ద బోర్డర్ కాంట్రాస్ట్స్ విత్ ద బాడీ'. రెండిటినీ కలిపి చెప్పేటప్పుడు 'బిట్వీన్', దాని వెనక తప్పకుండా 'అండ్'. 'బిట్వీన్ చెన్నై విత్ హైదరాబాద్' అని రాసిన కాగితాలు కోకొల్లలు. 'ఇన్ కాంట్రాస్ట్' వెనక 'టు' గానీ 'విత్' గానీ రావచ్చు, 'టు' ఎక్కువ వాడుక. 'బై కాంట్రాస్ట్' సాధారణంగా ఒంటరిగా, వాక్యం మొదట్లో, కామాతో వస్తుంది. తేడా ఎంతుందో చెప్పాలంటే 'షార్ప్', 'స్టార్క్', 'మార్క్‌డ్', 'స్ట్రైకింగ్' ఇవి ఈ మాటతో కలిసే విశేషణాలు. 'బిగ్ కాంట్రాస్ట్' తప్పు కాదు గానీ రాతలో పేలవంగా ఉంటుంది.

ఇప్పుడు అసలైన చోటుకి వద్దాం. చెన్నైలో ఎక్కువ వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. హైదరాబాద్‌లో ఎక్కువ వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నైరుతితో. దీన్ని ఇంగ్లీషులో రాయమంటే 'ఇన్ కాంట్రాస్ట్ టు చెన్నై, ద రెయినీ సీజన్ ఆఫ్ హైదరాబాద్ స్టార్ట్స్ ఇన్ జూన్' అని రాస్తారు. చదవడానికి బాగానే ఉన్నట్టుంటుంది. తప్పెక్కడుంది? ఒకవైపు చెన్నై, ఊరు. రెండోవైపు వానాకాలం. ఊరిని కాలంతో పోల్చారు. రెండూ ఒక జాతివి కావు. సరిచేయడానికి రెండు దారులు. 'ఇన్ కాంట్రాస్ట్ టు చెన్నై, హైదరాబాద్ గెట్స్ మోస్ట్ ఆఫ్ ఇట్స్ రెయిన్ ఫ్రమ్ జూన్ టు సెప్టెంబర్' అంటే ఊరికి ఊరు. లేదా 'టు దట్ ఆఫ్ చెన్నై' అని పెడితే కాలానికి కాలం.

ఈ తప్పు మనవాళ్ల నోట ఎందుకు అంత సులువుగా వస్తుందంటే, తెలుగులో అది తప్పు కాదు కాబట్టి. 'చెన్నైతో పోలిస్తే హైదరాబాద్ వానాకాలం ముందొస్తుంది' అంటాం. వినేవాడు మధ్యలో ఉన్నదాన్ని తనే పూరించుకుంటాడు. ఇంగ్లీషు రాతలో ఆ వెసులుబాటు లేదు. అందుకని రాశాక వాక్యంలో 'ఇన్ కాంట్రాస్ట్ టు' వెనకున్న మాట కింద గీత గీయండి, కామా తర్వాత వచ్చే కర్త కింద గీత గీయండి. రెండు గీతల మీదా ఒకే జాతి వస్తువులున్నాయా? ఉంటే వాక్యం బతికింది. 'అన్‌లైక్'తో మొదలయ్యే వాక్యాలకీ ఇదే పరీక్ష.

నెల్లూరు సంగతి ఏమిటని అడగొచ్చు. నెల్లూరుక్కూడా ఎక్కువ వాన ఈశాన్యమే ఇస్తుంది. కాబట్టి వానాకాలం అనే కొలత మీద చెన్నైకీ నెల్లూరుకీ కాంట్రాస్ట్ లేదు. వాన ఎంత పడిందన్న అంకెలు వేరు కావచ్చు, అది డిఫరెన్స్ అని రాసుకోండి, సరిపోతుంది.

రెండు వాక్యాల్ని కలిపే మాటల దగ్గర ఇంకో పెద్ద గందరగోళం ఉంది. 'బై కాంట్రాస్ట్', 'ఆన్ ద కాంట్రరీ', 'ఆన్ ది అదర్ హ్యాండ్' ఈ మూడూ ఒకటే అనుకుని, వ్యాసంలో మార్చి మార్చి వాడితే అందంగా ఉంటుందని ఎవరో చెప్పినట్టున్నారు. ఒకటి కావు. 'బై కాంట్రాస్ట్' వాడినప్పుడు ముందు వాక్యమూ నిజమే, వెనక వాక్యమూ నిజమే. చెన్నైకి అక్టోబరులో వానలు, హైదరాబాద్‌కి జూన్‌లో. రెండూ నిజం. 'ఆన్ ద కాంట్రరీ' అంటే ముందు చెప్పిన అభిప్రాయాన్ని కొట్టిపారేయడం. చెన్నైలో జూలైలోనే వానలన్నీ కురిసిపోతాయని ఎవరో అన్నారు. దానికి జవాబు: 'ఆన్ ద కాంట్రరీ, మోస్ట్ ఆఫ్ ఇట్ కమ్స్ ఆఫ్టర్ అక్టోబర్ బిగిన్స్.' తెలుగులో 'అదేం కాదు' అంటామే, అది. ఎవరూ ఏమీ అనకుండానే 'అదేం కాదు' అంటే వింతగా ఉండదూ? వ్యాసంలో ఏ అభిప్రాయమూ లేని చోట 'ఆన్ ద కాంట్రరీ' చదివిన ఇంగ్లీషువాడికి అలాగే ఉంటుంది. 'ఆన్ ది అదర్ హ్యాండ్' ఒకే విషయానికి రెండో పక్క చూపించడానికి. ఇల్లు ఆఫీసుకి దగ్గర, మరోవైపు అద్దె ఎక్కువ. అక్కడ కొలతలు రెండు, వస్తువు ఒకటే.

'బై కాంట్రాస్ట్' రెండు వాక్యాల్ని అతికించలేదు, అది గుర్తుంచుకోండి. దాని ముందు ఫుల్‌స్టాప్ ఉండాలి, లేదా సెమీకోలన్. కామా పెట్టి లాగించేస్తే తప్పు పడుతుంది. ఒకే వాక్యంలో రెండూ ఇమడాలంటే 'వేర్‌యాజ్' గానీ 'వైల్' గానీ వాడండి.

ఐఎల్టీఎస్ రాసేవాళ్లకి ఒక మాట. అకడమిక్ రాతపరీక్ష మొదటి ప్రశ్నలో పటమో పట్టికో ఇచ్చి, 20 నిమిషాల్లో కనీసం 150 మాటల్లో ముఖ్యమైన అంశాలు చెప్పి అవసరమైన చోట పోలికలు చూపమంటారు. ప్రతి వాక్యం ముందూ 'ఇన్ కాంట్రాస్ట్' అతికిస్తే మార్కులు పెరగవు, యాంత్రికంగా వాడారని తగ్గే ప్రమాదమే ఉంది. అన్నిట్లోకీ ఎక్కువ తేడా ఉన్న జంట ఏదో వెతికి, దాని దగ్గర ఒక్కసారి వాడండి.

కాలేజీ పరీక్షల్లో 'కంపేర్ అండ్ కాంట్రాస్ట్' అన్న ప్రశ్న ఉంటుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాల గురించి అడిగారనుకుందాం. మనవాళ్లు నైరుతి గురించి ఒక పేజీ, ఈశాన్యం గురించి ఒక పేజీ రాసి ఊరుకుంటారు. రెండు పేజీలూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. అది కాంట్రాస్ట్ కాదు, రెండు వేరువేరు వ్యాసాలు. రాయడానికి ముందు చిత్తు కాగితం మీద మూడు గళ్లు గీయండి. ఎడమ గడిలో కొలత: నెలలు, గాలి వచ్చే దిక్కు, తడి ఎక్కడ అందుకుంటుంది, వాన పడే ప్రాంతం. పక్క రెండు గళ్లూ నింపండి. ఏ వరసలోనైనా ఒక గడి ఖాళీగా మిగిలితే ఆ వరస కొట్టేయండి, అది పోలికకి పనికిరాదు. మిగిలిన ఒక్కో వరసా ఒక్కో పేరా. ఈ పద్ధతిలో విషయం తక్కువ తెలిసినవాడు కూడా ప్రశ్నకి జవాబు రాస్తాడు, ఎక్కువ తెలిసినవాడు దారి తప్పడు.

ఇక అనువాదకుల కోసం. 'ఇన్ కాంట్రాస్ట్ టు' కనబడగానే 'ఇందుకు విరుద్ధంగా' అని రాసే అలవాటు బాగా పాతుకుపోయింది. మానుకోండి. తెలుగులో 'నిబంధనలకు విరుద్ధంగా' అంటే నిబంధనల్ని ఉల్లంఘించి అని. 'ఇన్ కాంట్రాస్ట్ టు ది ఓల్డ్ రూల్స్, ద న్యూ రూల్స్ అలౌ టూ యాప్లికేషన్స్' అన్న వాక్యాన్ని 'పాత నిబంధనలకు విరుద్ధంగా' అని తెలుగు చేస్తే, కొత్త నిబంధనే చట్టం తప్పిందన్న ధ్వని వస్తుంది. 'పాత నిబంధనలకు భిన్నంగా' అనండి. 'పాత నిబంధనల్లో ఒక్క దరఖాస్తుకే వీలుండేది, కొత్తవాటిలో రెండు పెట్టుకోవచ్చు' అంటే ఇంకా నయం. వైరుధ్యం అన్న మాటనీ ఊరికే ఖర్చు చేయకండి. రెండూ ఒకేసారి నిజం కాలేని చోట, ఇంగ్లీషులో 'కాంట్రడిక్షన్' ఉన్న చోట, దాన్ని వాడండి.

నిజానికి కాంట్రాస్ట్‌ని చూపడానికి తెలుగుకి పెద్ద మాటే అక్కర్లేదు. 'పెద్దవాడేమో చదువు చదువంటాడు, చిన్నవాడేమో బంతి వదలడు.' ఆ 'ఏమో' రెండుసార్లు పడిందంటే రెండు వస్తువుల్నీ పక్కపక్కన నిలబెట్టినట్టే. ఒక్కటే ఎత్తి చూపాలంటే 'మాత్రం' ఉంది. 'ఊరంతా పడుకుంది, వాడు మాత్రం మేలుకునే ఉన్నాడు.' 'బై కాంట్రాస్ట్' అన్న రెండు మాటల్ని ఈ 'మాత్రం' ఒక్కటే మోసేస్తుంది. అనువాదంలో దాన్ని వాక్యం మొదట్లో పెట్టాలని పట్టుబట్టకండి, తెలుగులో అది కర్త పక్కన కూర్చుంటుంది. 'హైదరాబాద్‌కి మాత్రం జూన్‌లోనే మొదలవుతాయి.' ఇది చదివినవాడికి మూలం ఇంగ్లీషని తట్టదు.

మీ ప్రశ్నలు తీసుకుంటాను.

(లెక్కల విభాగంలో పనిచేసే ఒకరు: బిల్లులో ఒక అంకె, మా పుస్తకంలో ఒక అంకె ఉన్నప్పుడు 'దేర్ ఈజ్ ఎ కాంట్రాస్ట్' అని మెయిల్ పెట్టొచ్చా అండీ?)

పెట్టకండి. రెండూ ఒకటిగా ఉండాలి, లేవు. దానికి 'డిస్‌క్రెపెన్సీ' అని వేరే మాట ఉంది. బిల్లులో 10,000, మీ పుస్తకంలో 9,800 ఉంటే డిస్‌క్రెపెన్సీ 200. కాంట్రాస్ట్‌లో రెండూ ఒకటిగా ఉండాలన్న ఆశ ఏమీ లేదు. ఒకే పనికి ఇద్దరికి వేరువేరు జీతాలిస్తే, అందులో అన్యాయం ఉందని సూచించాలంటే 'డిస్పారిటీ'. మెయిల్లో ఏ మాట పెడితే అవతలివాడు దాన్ని బట్టి స్పందిస్తాడు. డిస్‌క్రెపెన్సీ అంటే సరిచూస్తాడు. కాంట్రాస్ట్ అంటే ఏం చేయాలో తోచక ఊరుకుంటాడు.

(మరొకరు: 'కాంట్రాస్టింగ్ స్టేట్‌మెంట్స్', 'కాన్‌ఫ్లిక్టింగ్ స్టేట్‌మెంట్స్' ఒకటేనా సార్?)

కాదమ్మా. ఇద్దరు సాక్షుల్లో ఒకరు కారు ఎర్రది అన్నారు, ఒకరు అదే కారు తెల్లది అన్నారు. రెండూ నిజం కాలేవు, అది కాన్‌ఫ్లిక్టింగ్. ఒకరు జరిగినదంతా కోపంగా చెప్పారు, ఒకరు అదే సంగతి నింపాదిగా చెప్పారు. అది కాంట్రాస్టింగ్. పోలీసు కాగితాలు తెలుగు చేసేటప్పుడు మొదటిదానికి 'పరస్పర విరుద్ధం', రెండోదానికి 'భిన్నమైన'.

(ఒక అనువాదకురాలు: ఆస్పత్రి ఫారాల్లో 'కాంట్రాస్ట్ సీటీ' అని వస్తుంది. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చే రోగులకి దాన్ని తెలుగులో ఎలా చెప్పాలి? అందరూ 'రంగు ఎక్కిస్తారు' అంటున్నారు.)

మంచి ప్రశ్న. 'డై' అన్న మాట నుంచి ఆ రంగు వచ్చింది. సీటీ స్కాన్‌లో నరానికి ఎక్కించేది సాధారణంగా అయోడిన్ ఉన్న మందు. అది ఒంట్లో దేనికీ రంగు పూయదు. ఎక్స్‌రే కిరణాల్ని ఎక్కువగా ఆపేస్తుంది, అందుకని రక్తనాళాలు బొమ్మలో తెల్లగా, పక్కనున్న కండ నుంచి విడిగా కనబడతాయి. ఎంఆర్ఐలో అయితే గాడొలీనియం ఉన్న మందు, అన్నవాహిక చూడాలంటే తాగడానికి బేరియం సల్ఫేట్. మూడిటి పనీ ఒకటే, పక్కపక్కనున్న రెండు భాగాల్ని వేరుగా చూపించడం. కాబట్టి ఫారంలో 'కాంట్రాస్ట్' అన్న మాటని అలాగే ఉంచండి, ఎందుకంటే స్కాన్ గదిలోనూ రశీదులోనూ రోగికి వినబడేది, కనబడేది ఆ మాటే. దాని పక్కన 'లోపలి భాగాలు స్కాన్‌లో విడివిడిగా కనిపించడానికి ఇచ్చే మందు' అని ఒక వాక్యం చేర్చండి. సీటీ మందు ఎక్కించేటప్పుడు ఒళ్లంతా వేడి కమ్మినట్టు, నోట్లో లోహం రుచి తగిలినట్టు ఉండొచ్చని మూలంలో ఉంటే దాన్ని వదిలేయకండి. ముందే చెప్పకపోతే రోగి హడలిపోతాడు. ఆ మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కాబట్టి క్రియాటినిన్ పరీక్ష గురించీ, గతంలో పడకపోవడం గురించీ, మెట్‌ఫార్మిన్ ఉన్న చక్కెర జబ్బు మాత్రల గురించీ ప్రశ్నలుంటాయి. ఆ ప్రశ్నల్ని పొడవాటి వాక్యాల్లో ఇరికించకుండా ఒక్కోటీ ఒక్కో వరసలో, అవును కాదు గళ్లతో పెట్టించండి. 'రంగు' అన్న మాట మాత్రం కొట్టేయండి.